మిద్దెతోట వద్దంటే నేను చెడ్డ కోడలినా?

హనుమకొండలో అద్దెకుంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 38 ఏళ్లు, ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతారు. భర్త సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతారు. ఏడాదిన్నరగా ఆయన రాబడి దాదాపు సగమైంది. పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప. మూడేళ్ల కిందట మామగారు పోయాక, అత్తగారు ఉన్న రెండెకరాలూ కౌలుకిచ్చి వీళ్ల దగ్గరికి వచ్చారు. పల్లెలో ఇల్లు, పెరడు అలాగే ఉన్నాయి. ఆమెకు 66 ఏళ్లు. వచ్చిన నెలలోనే మేడ మీద ఒక ఖాళీ పెయింటు బకెట్‌లో మిరపనారు పెట్టారు. ఇప్పుడక్కడ అరవై దాకా బకెట్లు, పగిలిన టబ్బులు, థర్మకోల్ పెట్టెలు ఉన్నాయి.

కిందటి వానాకాలంలో పాపకు డెంగీ వచ్చింది. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు, 42,000 రూపాయలు ఖర్చయింది. పాపను ఇంటికి తెచ్చిన మర్నాడు పురపాలక సిబ్బంది వచ్చి, మేడ మీద కుండీల కింది పళ్లేలలో దోమ లార్వాలు చూపించారు. “ఆ రోజు అత్తయ్యను అనకూడని మాట అన్నాను. ‘మీ తోట నా బిడ్డను చంపబోయింది’ అన్నాను. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. రెండు రోజులు అన్నం తినలేదు. అప్పటి నుంచి మా మధ్య అవసరమైన మాటలే తప్ప మరో మాట లేదు” అని రాశారు.

ఇంతలో భర్తకు పొదుపు మీద పట్టుదల పెరిగింది. ఫోనులో వీడియోలు చూసి, ఇంట్లోకి బియ్యం, నూనె, పాలు తప్ప ఏమీ కొనకూడదని నిర్ణయించారు. కూరలు మిద్దె మీదివి, కారం పసుపు ధనియాల పొడి ఇంట్లో కొట్టుకున్నవి, అంట్లు తోమడానికి కుంకుడు రసం, చెత్తతో ఇంట్లోనే ఎరువు. “ఇవన్నీ చేసేది నేనే. నాలుగున్నరకు లేస్తున్నాను. సాయంత్రం నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని, తీరిక లేక ఏప్రిల్‌లో మానేశాను. అదేమంత పెద్ద విషయం కాదనుకోండి” అని మధ్యలో ఒక వాక్యం రాశారు. పోయిన వారం అద్దె కోసం వచ్చిన ఇంటి యజమాని, హాలు పైకప్పుకు చెమ్మ మచ్చ చూసి, వానలకు ముందే బకెట్లు తీసేయమన్నారట. మరోవైపు అత్తగారు తన పింఛను డబ్బుతో 1,400 రూపాయల విత్తనాలు తెచ్చి, “మృగశిర రాగానే పెడదాం బిడ్డా” అన్నారట. చాలా నెలల తర్వాత ఆమె తనంతట తాను పలికిన మాట అదేనట.

“మొత్తం తీసేయించనా? నోరు మూసుకొని ఊరుకోనా? ఇల్లు గడవడానికి అందరూ కష్టపడుతుంటే నేనొక్కదాన్నే వద్దంటున్నాను, నేను స్వార్థపరురాలినా?” అని అడిగారు.

అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు స్వార్థపరురాలు కాదు. అయిదు రోజులు పాప చేతికి ఉన్న సెలైన్ సూదినే చూస్తూ కూర్చున్న తల్లికి, ఇంటికి రాగానే నీళ్లు నిలిచిన పళ్లెం కనిపిస్తే ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది? పైగా మీది ఉత్త భయం కాదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చిన రకం మళ్లీ రాకుండా ఒంట్లో రక్షణ ఏర్పడుతుంది కానీ, మిగిలిన మూడింటి నుంచి శాశ్వతమైన రక్షణ ఉండదు. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఈ వానాకాలం మీ ఇంట్లో దోమ విషయంలో రాజీ కుదరదు. ఈ మాట మీ వారికీ అత్తగారికీ చదివి వినిపించండి.

అదే సమయంలో, మీరన్న ఆ మాట మాత్రం న్యాయం కాదు. పాపను కుట్టిన దోమ మీ పళ్లెంలో పుట్టిందో, పక్కింటి కూలర్‌లో పుట్టిందో, బడి వెనక పడేసిన టైరులో పుట్టిందో ఎవరూ తేల్చలేరు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్న, మళ్లీ చీకటి పడేముందు. పగలు పాప ఎక్కువసేపు ఉండేది బడిలో. మీ మేడ మీద లార్వాలు దొరకడం నిజమే, అవి ఉండకూడదన్నదీ నిజమే. కానీ అంతమాత్రాన పాప జబ్బుకు అత్తగారే కారణమని తీర్పు చెప్పడానికి వీల్లేదు. ఈ తొమ్మిది పది నెలలుగా ఆమె ఆ తీర్పునే మోస్తున్నారు.

“నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషికి ఇంత అజాగ్రత్త ఏమిటి” అని కూడా రాశారు. నాకది అజాగ్రత్తగా తోచలేదు. పెరట్లో బీరపాదుకు బిందెడు నీళ్లు పోస్తే నేల తాగేస్తుంది. ఎక్కువైన నీళ్లు ఎటు పోయాయో వెతుక్కోవాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. శ్లాబు తాగదు. బహుశా ఆ పళ్లేలు పెట్టింది కూడా శ్లాబు తడిసి యజమానికి నష్టం రాకూడదనే అయ్యుంటుంది. ఆ జాగ్రత్తే దోమకు ఇల్లయింది. ఈ సంగతి ఆమెకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మీ నాలుగు పేజీల్లో కోపం ఉంది, అలక ఉంది, మౌనం ఉంది, చెప్పడం మాత్రం కనిపించలేదు.

తోట ఉంచినా తీసేసినా, మృగశిర రాకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఏడిస్ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర లోపలి గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఇంకిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉండగలవు. రోహిణి ఎండకు రోళ్లే పగులుతాయి, గుడ్లెంత అనుకోవద్దు. నీడపట్టున పడి ఉన్న పాత్రల్లోవి తొలకరి నీరు తగలగానే పొదుగుతాయి. ఆపైన వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే, మనీప్లాంటు సీసా, మేడ మూలన పడి ఉన్న కొబ్బరి చిప్పలు, ఏవీ వదలవద్దు. కూలర్ అవసరం తీరగానే గడ్డి తీసి, తొట్టి రుద్ది, ఆరబెట్టి, నీళ్లు చేరకుండా కప్పి ఉంచండి.

కుండీల కింది పళ్లేలు మాత్రం పూర్తిగా పోవాలి. ఒక్కో బకెట్ కింద ఇటుక ముక్కలు పెడితే సరిపోతుంది. అడుగు రంధ్రం నుంచి నీరు జారిపోతుంది, శ్లాబుకు గాలి ఆడుతుంది. తడి మట్టిలో ఈ దోమ పెరగదు, నిలిచిన నీరు ఉంటేనే పెరుగుతుంది. వాననీళ్లు పట్టే డ్రమ్ము ఉంటే, దాని మూతికి పాత పంచె రెండు మడతలు వేసి సందు లేకుండా తాడుతో బిగించండి, వారానికోసారి ఖాళీ చేసి లోపల రుద్దండి. ఆరోగ్య సిబ్బంది ఏళ్లుగా చెబుతున్న ‘ఫ్రైడే డ్రైడే’కు అర్థం ఇదే. లార్వా దోమగా మారేలోపే దానికి నీళ్లు లేకుండా చేయడం. ఈ శుక్రవారం పని మీ బాబుకు అప్పగించండి. పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి టార్చి ఇచ్చి లార్వా ఎక్కడుందో పట్టుకోమంటే ఉత్సాహంగా చేస్తాడు. మీరు పైకి ఎక్కే పని ఒకటి తప్పుతుంది.

డెంగీ గురించి ఇంకొక్క మాట చెప్పి తోట సంగతికి వస్తాను. ఈ వానల్లో పాపకు జ్వరం వస్తే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయవద్దు. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా చూడాల్సిన రోజు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బొప్పాయి ఆకు రసం ఇచ్చి చూద్దామని ఒక్క పూట కూడా ఆలస్యం చేయవద్దు.

ఇక తోట. మీ ముందు మూడు దారులున్నాయి.

మొత్తం తీసేయడం మొదటిది. అది అడిగే హక్కు మీకుంది, యజమాని ససేమిరా అంటే అదే జరుగుతుంది కూడా. దోమ బెడద కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఎందుకంటే కూలర్లూ డ్రమ్ములూ వాడకట్టంతా ఉన్నాయి. మీకు పని తగ్గుతుంది. కానీ మీ అత్తగారి వైపు నుంచి చూడండి. భర్తను పోగొట్టుకుని, ఊరు వదిలి, కొడుకు అద్దె ఇంటికి వచ్చిన మనిషి. వంటగది మీది, దుకాణం కొడుకుది, చదువులు పిల్లలవి. ఆమెకంటూ ఉన్నది ఆ బకెట్లే. తోట లేకపోతే అమ్మ మంచం పడుతుందని మీ వారు అనడం కొంచెం ఎక్కువేమో కానీ, అందులో నిజం లేకపోలేదు. తీసేయాలనే అనుకుంటే, ఆమెకు బదులు ఏమి చూపిస్తారో ముందే ఆలోచించుకోండి. పల్లెలో ఇల్లూ పెరడూ ఉన్నాయి కదా, ఏరువాక నాటికి వెళ్లి విత్తనాలు పెట్టి, మధ్యమధ్య వచ్చిపోతూ ఉండవచ్చు. అయితే 66 ఏళ్ల మనిషి వానాకాలంలో ఒంటరిగా ఉండగలరా, పక్కన చూసే బంధువులున్నారా అన్నది మీరే తేల్చుకోవాలి. పంపించేశారని ఆమె అనుకుంటే మాత్రం ఇప్పటి మౌనం కన్నా పెద్ద గాయమవుతుంది.

ఏమీ అనకుండా ఊరుకోవడం రెండో దారి. దీన్ని నేను సమర్థించలేను. అరవై పాత్రల్ని వారం వారం ఎవరూ పరీక్షించలేరు. బరువు సంగతి కూడా చూడండి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్ నిండా మట్టి పోసి తడిపితే ముప్ఫై కిలోలకు తక్కువ ఉండదు. అలాంటివి అరవై అంటే రెండు టన్నులకు దగ్గర, అంటే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండు నింపి మేడ మీద పెట్టినట్టు. మీవన్నీ బకెట్లే కావు కాబట్టి అంత ఉండకపోవచ్చు, కానీ ఇప్పటికే చెమ్మ మచ్చ కనిపించిన కప్పు మీద ఈ ప్రయోగం వద్దు. పైగా నోరు మూసుకున్నంత మాత్రాన మీ కోపం పోదు, మరో వానాకాలంలో మరో మాటగా బయటికి వస్తుంది.

నా మనసు మూడో దారి వైపు ఉంది. అరవైని ఇరవైకి తగ్గించడం. అది కూడా యజమానితో మాట్లాడాకే. ఆయన్ను మేడ మీదికి పిలిచి, ఏవి తీసేస్తున్నారో, ఏవి గోడల వారగా ఇటుకల మీదికి మారుస్తున్నారో చూపించండి. వాననీరు బయటికి పోయే గొట్టాల దగ్గర ఆకులు, మట్టి పేరుకున్నాయేమో చూడండి. చాలా ఇళ్లలో చెమ్మకు కారణం ఆ గొట్టం మూసుకుపోవడమే. అన్నీ చేశాక కూడా మచ్చ పెరిగితే మిగిలిన ఇరవై కూడా తీసేస్తామని మీరే ముందుగా మాటివ్వండి. అద్దె ఇంట్లో ఆ మాట ఇవ్వకుండా తోట పెంచడం మర్యాద కాదు.

ఏ ఇరవై అన్నది మీ అత్తగారే ఎంచుకోవాలి. నాకు తెలిసింది చెబుతాను, ఆమెకు ఇంతకన్నా బాగా తెలిసి ఉండవచ్చు. వానాకాలంలో సంతలో ఆకుకూరలు బురదతో, పుచ్చులతో వస్తాయి, ధర పెరుగుతుంది, కడగడానికే అరగంట. కాబట్టి ఇంట్లో పండించాల్సింది అవే. తోటకూర చల్లిన నెలలోపే చేతికొస్తుంది. గోంగూర చివర్లు తుంచుతుంటే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, కాడ గుచ్చితే వేళ్లూనుకుంటుంది, పిట్టగోడకు పాకించవచ్చు. పుదీనా అంతే, కూరకు తెచ్చిన కట్టలోంచి నాలుగు కాడలు చాలు. పచ్చిమిరప మూడు నాలుగు, వంగ మూడు, ఒక కరివేపాకు. జడివాన రోజుల్లో కొత్తిమీర కుళ్లిపోతుంది, దాని జోలికి ఇప్పుడు వెళ్లవద్దు. టమాటా నారు వానలు తగ్గుముఖం పట్టాక, సెప్టెంబరు ప్రాంతంలో పోసుకోవచ్చు. ఉల్లి, ఆలుగడ్డ, క్యారెట్ కొనుక్కోండి, బకెట్లలో వాటికి పడే శ్రమ గిట్టదు.

బెండ గురించి చాలామంది మోసపోతారు. పూత చక్కగా వస్తుంది, మొక్క అందంగా ఉంటుంది, కానీ ఒక్కో మొక్క రెండు మూడు రోజులకు ఒక కాయ ఇస్తుంది. మీ అయిదుగురికి ఒక పూట కూర కావాలంటే పది పన్నెండు మొక్కలుండాలి. ఇరవై బకెట్లలో పది బెండకే పోతే ఇక మిగిలేదేమిటి? ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారే పల్లాకు తెగులు వచ్చిందా, ఆ మొక్క పీకేయాల్సిందే. సొరపాదు ఒక్కటి పెద్ద టబ్బులో పెట్టండి. పిందెలు రాలిపోతున్నాయని ఆమె బాధపడుతుంటారని రాశారు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరితేనే పిందె నిలుస్తుంది. పల్లెలో పురుగులు ఆ పని చేసిపెడతాయి, మేడ మీదికి అంతగా రావు. మగపువ్వు ఒకటి తుంచి, రెక్కలు తీసేసి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో తాకిస్తే చాలు. ఇది పాప చేత చేయించండి, నానమ్మతో కలిసి. పొడుగు చేతుల చొక్కా, కాళ్లు కప్పే పైజామా వేసి పంపండి, దోమలు కుట్టే వేళ కూడా అదే.

మట్టి ఒక్కటే నింపకుండా ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలిపితే బరువు తగ్గుతుంది, నీరు నిలవదు. పేనుబంకకు లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి వాన లేని సాయంత్రం చల్లితే సరిపోతుంది. మెట్ల మీద పాచి పట్టకుండా వానాకాలమంతా బ్లీచింగ్ పొడి వేసి రుద్దించండి. ఈ వయసులో జారి పడితే తుంటి ఎముక ఖర్చు ముందు ఏ పొదుపూ నిలవదు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపిన వాక్యం మీరు పెద్ద విషయం కాదన్న వాక్యమే. నలుగురు పిల్లలకు ట్యూషన్, ఒక్కొక్కరికి 600 అని మరోచోట రాశారు. నెలకు 2,400. తోట నుంచి నెలకు అయిదారు వందల కూరలు వస్తాయేమోనన్నది మీ లెక్కే. పొడులూ అంట్ల సబ్బూ ఇంట్లో చేసుకోవడం వల్ల మహా అయితే మరో నాలుగు వందలు. అంటే వెయ్యి రూపాయలు మిగల్చడానికి మీ ఇల్లు 2,400 వదులుకుంది, పైగా మీ నిద్ర పోగొట్టుకున్నారు. ఈ లెక్క మీ వారికి ఎందుకు కనిపించలేదంటే, మీ చేతి పనికి ఆయన ధర వేయలేదు. ఆయన చెడ్డవారని అనను. రాబడి పడిపోయిన మగవాడు రాత్రుళ్లు ఫోనులో వీడియోలు చూస్తూ దారి వెతుక్కుంటున్నాడు, ఆ వెతుకులాటలో దిగులు ఉంది. కానీ వీడియోలో కుంకుడు రసం తీసేవాళ్లు పొద్దున్న ఎనిమిదికి బడికి పోనక్కర్లేదు.

కుంకుడుకాయలు కొట్టి, గింజ తీసి, నానబెట్టి, ఉడికించి, పిసికి, వడకట్టడానికి గంట పడుతుంది. ఆ రసం నాలుగైదు రోజుల్లో పులిసి వాసన వేస్తుంది. తలంటుకు ఉంచుకోండి, అంట్లకు సబ్బు కొనుక్కోండి. పొడుల సంగతికొస్తే, కాలం ఎరిగి చేయాలి. కారం కొట్టించుకునే కాలం వేసవి. మీ ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి వచ్చేదీ, ఎండ ఉండేదీ అప్పుడే. ఇంకా ఈ రోహిణి ఎండ కొన్నాళ్లుంది కాబట్టి మిరపకాయలు, చింతపండు, కందిపప్పు ఈ వారమే ఎండబెట్టుకోండి. పప్పుకు కొంచెం ఆముదం పట్టించి, పూర్తిగా చల్లారాక డబ్బాలకెత్తితే పురుగు పట్టదు. మిరపకాయలు మరకు పంపండి, రోట్లో వద్దు. ఆ తర్వాత దసరా దాకా ఇంట్లో పొడులు పెద్ద మొత్తంలో చేయవద్దు. ముసురులో చెమ్మ తగిలి బూజు పడతాయి. బూజు పట్టిన పల్లీలు, మిరపకాయలు ఏరుకుని వాడుకోవడం పొదుపు కాదు, వాటిలో పుట్టే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పారేయండి.

ఎవరి నడుమూ విరగని పొదుపులు కొన్ని ఉన్నాయి, మీ వారి పట్టుదలను అటు మళ్లించండి. అత్తగారి గదిలో పంకా రోజుకు పదహారు గంటలు తిరుగుతుందని రాశారు. పాతరకం పంకా 75 వాట్లదైతే రోజుకు 1.2 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం, 30 వాట్ల బీఎల్‌డీసీ పంకాకు యూనిట్‌లో సగం కూడా కాదు. నెలకు ఇరవై యూనిట్ల పైనే తేడా. అన్ని పంకాలూ మార్చనక్కర్లేదు, ఎక్కువ తిరిగేది ఒక్కటి మారిస్తే దాని ధర కాలక్రమంలో తిరిగి వస్తుంది. పప్పు అరగంట ముందు నానబెట్టడం, కూరకు మూత పెట్టడం గ్యాసును ఆదా చేస్తాయి. వానాకాలంలో తాగే నీళ్లు మరిగించుకోండి, ఆ గ్యాసు మాత్రం మిగల్చవద్దు. ఎండాకాలపు ఊరగాయ ఇంట్లో ఉంటే, తడి గరిట తగలకుండా చిన్న సీసాలోకి కొంచెం కొంచెం తీసుకుంటూ వాడండి.

చెత్త నుంచి ఎరువు చేయడం మంచిదే, ఇరవై బకెట్లకు ఒక డబ్బా చాలు. తడి చెత్త ఎంత వేస్తే అంత ఎండుటాకులో కొబ్బరి పీచో వేసి, వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. ఆ కలియబెట్టేది మీ వారు. ఆలోచన ఆయనది కాబట్టి.

ఒక కాగితం మీద ఇంట్లో జరిగే పనులన్నీ, ఒక్కోదానికి పట్టే సమయం, చేస్తున్న మనిషి పేరు రాయండి. వాదించవద్దు, రాసి భోజనాల బల్ల మీద పెట్టండి. మీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో ఆయనే చూస్తారు. తర్వాత ట్యూషన్ మళ్లీ మొదలుపెట్టే తేదీ చెప్పండి. మొదలుపెట్టవచ్చా అని అడగవద్దు, ఫలానా రోజు నుంచి అని చెప్పండి. ఆ గంటన్నర పిల్లల్ని, వంటింటిని ఎవరు చూస్తారన్నది ఆయనా అమ్మా మాట్లాడుకుంటారు. ఆయన కోపగించుకోవచ్చు. కొన్నాళ్లు ఇల్లు ముభావంగా ఉండవచ్చు. అయినా అది నాలుగున్నరకు లేచే మీ ఒంటికి ముందు ముందు వచ్చే జబ్బు కన్నా తేలిక.

అత్తగారితో మాట్లాడటానికి హాలులో కూర్చోబెట్టవద్దు, ఎవరికీ మాట రాదు. ఈ ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, చెరో పీచు పట్టుకుని ఇద్దరూ మేడ ఎక్కండి. ఒక పళ్లెం తీసి గుడ్లు ఎక్కడ అంటుకుంటాయో చూపించండి. దోమ గుడ్లు చిన్న నల్లని చుక్కల్లా ఉంటాయి. రుద్దుతూ ఉండగానే, “ఆ రోజు నేనట్లా అనకూడదు అత్తయ్యా, బిడ్డ భయంతో అన్నాను” అనండి. అంతకన్నా ఎక్కువ వద్దు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, ఏమీ అనకపోయినా నొచ్చుకోవద్దు. తర్వాత ఇరవై లెక్క చెప్పండి, ఏవి ఉంచాలో ఆమెనే అడగండి, ఆమె ఎంచుకున్నాక మీరు మార్చవద్దు.

1,400 రూపాయల విత్తనాల్లో సగానికి పైగా మిగిలిపోతాయి. అవి వృథా అన్న మాట ఎవరి నోటా రాకూడదు, అది ఆమె సొంత డబ్బు. బాగా ఎండిన సీసాలో ఎండు వేప ఆకులతో మూత బిగించి పెడితే చాలా రకాలు వచ్చే ఏడాదికి పనికొస్తాయి. లేదా పల్లె పెరట్లో పెట్టించండి. చిక్కుడు గింజలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఒక పెద్ద టబ్బు వాటికోసం విడిచిపెట్టండి. ఆషాఢంలో పెడితే సంక్రాంతి నాటికి పాదు నిండా కాస్తుంది.